గతించిన క్రియ, గతించని ఫలం

జరిగిపోయిన పని ఎప్పుడు నిజంగా గతమవుతుందన్నది కర్మను గూర్చి, కాలాన్ని గూర్చి భారతీయ దర్శనాలు చేసిన విచారణలో పాతబడని ప్రశ్న. ఆ ప్రశ్నే ఇంగ్లీషు నేర్చుకునేవారికి ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాడాలా, సింపుల్ పాస్ట్ వాడాలా అన్న సందేహంగా ఎదురవుతుంది. తక్కిన తెలుగు బడులలోలాగే వికారాబాద్, తాండూరు బడులలోనూ గో, వెంట్, గాన్ అంటూ క్రియారూపాలను మూడు వరుసలుగా వల్లె వేయిస్తారు. రెండో వరుసలోని రూపం ఒంటరిగా నిలిస్తే అది సింపుల్ పాస్ట్, మూడో వరుసలోని రూపం హ్యావ్‌ను గాని హ్యాజ్‌ను గాని తోడు తెచ్చుకుంటే అది ప్రెజెంట్ పర్ఫెక్ట్. రూపాలు త్వరగానే కంఠస్థమవుతాయి కాని దేనిని ఎక్కడ వాడాలో తేలడానికి ఏళ్లు పడుతుంది, ఎందుకంటే ఆ ఎంపిక గడియారాన్ని చూసి చేయగలిగినది కాదు.

కాలం నిర్దిష్టంగా చెప్పినప్పుడు, అంటే నిన్న, పోయిన ఏడాది, 1948లో వంటి మాటలున్నప్పుడు సింపుల్ పాస్ట్, కాలం చెప్పకుండా పని జరిగిన సంగతి మాత్రమే చెప్పినప్పుడు ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాడాలని పాఠ్యపుస్తకాలు సూత్రం ఇస్తాయి. సూత్రం సరైనదే గాని అది లక్షణాన్ని చూపి హేతువును దాటవేస్తుంది. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన తత్త్వవేత్త హాన్స్ రైఖెన్‌బాఖ్ 1947లో ప్రచురించిన తర్కగ్రంథంలో ఆ హేతువును వెదికాడు: ప్రతి క్రియాకాలంలోనూ పని జరిగిన క్షణం, మాట పలికే క్షణం అనే రెండే కాక, వక్త ఏ క్షణంలో నిలబడి ఆ పనిని చూస్తున్నాడో ఆ మూడో బిందువు కూడా ఉంటుందని, సింపుల్ పాస్ట్‌లో ఆ చూపు పని జరిగిన చోటికే వెళ్లిపోతుందని, ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లో అది ఇప్పటి క్షణంలోనే నిలిచి వెనక్కి చూస్తుందని ఆయన వివరణ. సికింద్రాబాద్ నుంచి వాడి వెళ్లే మార్గంలో వికారాబాద్ జంక్షన్‌లో గాని, తాండూరులో గాని రైలు వచ్చి ప్లాట్‌ఫారం మీద ఆగి ఉన్నప్పుడు వినిపించే ఇంగ్లీషు ప్రకటనలో హ్యాజ్ అరైవ్డ్ అనే ఉంటుంది. అదే బండి కదిలిపోయాక, ఎన్నింటికి వచ్చిందని అడిగిన ప్రయాణికుడికి అరైవ్డ్ అని మాత్రమే జవాబు చెప్పాలి. వచ్చిన బండి ఒకటే, వచ్చిన నిమిషం ఒకటే. పట్టాల మీద బండి ఇంకా ఉన్నదా లేదా అన్నదే క్రియారూపాన్ని మార్చింది.

తెలుగు ఈ భేదాన్ని క్రియారూపం మీద మోపదు. బండి నిలబడి ఉన్నా వచ్చింది, వెళ్లిపోయినా వచ్చింది. వచ్చి ఉన్నది అనే రూపం భాషలో లేకపోలేదు గాని అది తప్పనిసరి కాదు, సందర్భాన్ని బట్టి వినేవాడు గ్రహించుకుంటాడు. తిన్నవా అని పలకరించినప్పుడు అడిగేది ఇప్పటి ఆకలిని గురించి కాబట్టి ఇంగ్లీషులో అది ప్రెజెంట్ పర్ఫెక్ట్ కావాలి. పెళ్లిలో ఏం తిన్నవు అన్నప్పుడు అదే క్రియ సింపుల్ పాస్ట్ కావాలి. అయితే తాండూరు వంటి సరిహద్దు పట్టణంలో ఈ భేదం పూర్తిగా పరాయిది కాదు. అక్కడ వినబడే కన్నడంలో బందను వేరు, బందిద్దానె వేరు. ఉర్దూలో ఆయా వేరు, ఆయా హై వేరు. ఈ జంటలలో రెండోది వచ్చినవాడు ఇంకా ఉన్నాడన్న ధ్వనిని మోస్తుంది. ఇంటి భాషగా కన్నడమో ఉర్దూనో ఉన్న పిల్లవాడికి ఇంగ్లీషు పాఠంలో కొత్తగా నేర్చుకోవలసినది అంత లేదు, చెప్పేవారు ఆ దారి చూపిస్తే. చూపించడం అరుదు.

సంస్కృత వ్యాకరణం గతాన్ని మూడుగా విభజించింది గాని కోసిన గీత వేరు. పాణిని ప్రకారం సామాన్యంగా గతమైనదానికి లుఙ్, ఈనాటిది కాని గతానికి లఙ్, ఈనాటిది కాకపోవడమే గాక వక్త కంటికి కనబడనిదైన గతానికి లిట్ అనే ప్రత్యయవర్గాలు వాడాలి. కంటికి కనబడకపోవడమంటే ఏమిటన్న చర్చలో పతంజలి తన మహాభాష్యంలో పలు అభిప్రాయాలను వరుసగా పేర్కొన్నాడు: నూరేళ్ల కిందటిదని కొందరు, వేయేళ్ల కిందటిదని కొందరు, గోడ చాటున జరిగినదని కొందరు, రెండు మూడు రోజుల కిందటిదైనా చాలునని మరికొందరు. నిద్రలోనో మత్తులోనో చేసినది తన పనే అయినా తనకు పరోక్షమే అవుతుందని కూడా ఆ చర్చలో వస్తుంది. దారి పక్కన కూర్చుని ఉండి కూడా ఎదురుగా సాగిపోతున్న బండ్ల వరుసను గమనించని శాకటాయనుడనే వైయాకరణుడి ప్రస్తావన అక్కడిదే. అంటే సంస్కృతం వక్తను అడిగేది రెండు సంగతులు: అది ఈ రోజు జరిగిందా, దానిని నీవు చూశావా. దాని ఫలితం ఇంకా ఉన్నదా అని ఇంగ్లీషు అడిగే మూడో ప్రశ్న ఈ ప్రత్యయవర్గాల విభాగంలో లేదు. ఆ ప్రశ్నను అడిగినవారు వైయాకరణులు కారు, కర్మసిద్ధాంతంతో పెనుగులాడిన దార్శనికులు.

వారిలో ముందుగా చెప్పుకోవలసినవారు బౌద్ధులు. ఆత్మ లేదని, సమస్తం క్షణికమని చెప్పిన మతానికి ఒక చిక్కు తప్పదు: నిన్న చేసిన హింస ఆ క్షణంలోనే నశించినట్లయితే పదేళ్ల తరువాత దాని ఫలాన్ని ఇచ్చేది ఏది? సర్వాస్తివాదులు, అంటే సమస్తం ఉన్నదని చెప్పేవారు, గతించినదీ రానున్నదీ కూడా ఒక విధంగా ఉన్నవేనని, ఉండకపోతే గత కర్మ ఫలించజాలదని, లేనిదానిని గురించి జ్ఞానమూ కలగజాలదని వాదించారు. థేరవాదులు వర్తమానం ఒక్కటే ఉన్నదన్నారు. ఈ రెండింటి నడుమ కాశ్యపీయులనే శాఖ ఒక విచిత్రమైన మధ్యమార్గం పట్టింది: గత కర్మలలో ఇంకా ఫలమివ్వనిది ఉన్నది, ఫలమిచ్చి తీరిపోయినది లేదు. అశోకుని కాలపు సభలో మొగ్గలిపుత్త తిస్సుడు కూర్చినట్లు థేరవాద సంప్రదాయం చెప్పే కథావత్థు ఈ మతాన్ని పూర్వపక్షంగా తీసుకుని ఖండిస్తుంది, అది కాశ్యపీయులదని ఆ గ్రంథపు వ్యాఖ్యానం గుర్తిస్తుంది. అన్నట్టు పూర్వశైల, అపరశైల మొదలైన శాఖలను కలిపి అంధకులని పేరు పెట్టి, వారి మతాలను కూడా ఆ వ్యాఖ్యానం పలుచోట్ల ప్రస్తావిస్తుంది; కృష్ణాతీరపు ఆంధ్రదేశానికి ఈ తగవు దూరపు సంగతి కాదు.

థేరవాదుల ఖండనలో పదును ఉన్నది. గతంలో కొంత ఉన్నది కొంత లేదు అంటే, గతించినదానిలో కొంత గతించింది కొంత గతించలేదని చెప్పినట్లే కదా అని వారు నిలదీస్తారు. గతించడం అనే ధర్మం రెంటికీ సమానమైనప్పుడు ఒకదానికి ఉనికిని ఇచ్చి ఇంకొకదానికి ఇవ్వకపోవడం పక్షపాతమే అవుతుంది. తర్కంలో కాశ్యపీయులు ఓడారనే చెప్పాలి. అయినా ఇంగ్లీషు మాట్లాడే ప్రతి మనిషీ, తెలిసో తెలియకో, రోజూ కాశ్యపీయుడిలాగానే మాట్లాడుతున్నాడు: ఫలం నిలిచి ఉన్న పనికి హ్యావ్ అనే వర్తమాన క్రియను ఇస్తున్నాడు, ఫలం తీరిన పనికి దానిని తీసివేస్తున్నాడు. అతడు థేరవాదుల ఆక్షేపణకు జవాబు కూడా చెప్పగలడు. హ్యావ్ చెప్పే ఉనికి గతించిన పనిది కాదు, పని విడిచిన స్థితిది. ఆ స్థితి నేటిదే కాబట్టి గతానికి ఉనికిని ఇచ్చిన దోషం అతనికి అంటదు. కాశ్యపీయులు తమ మాటను ఈ విధంగా సవరించుకుని ఉంటే వాదం నిలిచేదేమో గాని, అప్పుడు అది కొత్త మతమూ అయ్యేది కాదు.

పనికీ ఫలానికీ నడుమ నిలిచే ఆ స్థితికి మీమాంసకులు అపూర్వమని పేరు పెట్టారు. యజ్ఞం కొన్ని రోజులలో ముగుస్తుంది, స్వర్గం మరణానంతరం వస్తుంది. నడుమ ఉన్న ఖాళీని దాటించడానికి యజ్ఞం పుట్టించిన కనబడని శక్తి ఒకటి ఉండి తీరాలన్నది వారి వాదం. నైయాయికులు మరో అడుగు ముందుకు వేశారు. వస్తువు నాశనమైనప్పుడు పుట్టే అభావాన్ని వారు ప్రధ్వంసాభావమంటారు; దానికి ఆది ఉన్నది గాని అంతం లేదు, ఎందుకంటే పగిలిన కుండను అతికించినా వచ్చేది మరో కుండే తప్ప మొదటి పగులు జరగనిదిగా మారిపోదు. తాండూరు చుట్టుపక్కల నాపరాతి గనులలో దీనిని ప్రత్యక్షంగా చూడవచ్చు. ఆ రాయి కోట్ల సంవత్సరాల కిందట నీటి అడుగున పేరుకున్న సున్నపురాయి కాబట్టి పొర మీద పొరగా పరచుకుని ఉంటుంది; పొరల సందులో ఉలి దిగగొట్టి గడ్డపారతో ఎత్తితే బండ అంచు చెదరకుండా పలకలా ఊడివస్తుంది, దాని కింద అంతే నున్నని మరో బండ బయటపడుతుంది. పలక ఏ ఇంటి వరండాకో వెళ్లిపోతుంది, గుంటను మట్టితో పూడ్చవచ్చు, పైన కంది వేయవచ్చు, కాని ఆ పలక ఆ పొర నుంచి విడివడిన సంగతిని పూడ్చడం సాధ్యం కాదు. న్యాయమతాన్ని ఇంగ్లీషులోకి తెస్తే జరిగిన ప్రతిదానికీ ఎల్లకాలం ప్రెజెంట్ పర్ఫెక్టే వాడవలసి వస్తుంది, ఎందుకంటే ప్రతి పనీ ఏదో ఒక అంతం లేని అభావాన్ని వదిలి వెళుతుంది. ఇంగ్లీషు అంత ఉదారం కాదు. ఫలం ఉంటే చాలదు, అది వక్త ఇప్పుడు ఎత్తుకున్న ప్రస్తావనకు పనికిరావాలి. గుంట పక్కన నడుస్తూ జాగ్రత్త చెప్పేవాడికి ప్రెజెంట్ పర్ఫెక్ట్ తగుతుంది, గని చరిత్ర రాసేవాడికి తగదు.

మరణం విషయంలో ఈ నియమం మరింత కఠినంగా పనిచేస్తుంది. ఐన్‌స్టీన్ ప్రిన్స్‌టన్‌కు వచ్చాడన్న వాక్యాన్ని ఐన్‌స్టీన్ కర్తగా ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లో చెబితే 1955లో చనిపోయిన మనిషిని బతికున్నవాడిగా మాట్లాడినట్లు వినబడుతుందని, ప్రిన్స్‌టన్ కర్తగా తిప్పి చెబితే ఆ దోషం పోతుందని భాషాశాస్త్రవేత్తలు చాలాకాలంగా చర్చిస్తున్నారు. కర్త పోతే ప్రెజెంట్ పర్ఫెక్ట్ పోతుంది. మతవిశ్వాసం వ్యాకరణానికి అడ్డం తగిలేది సరిగ్గా ఇక్కడే. సూఫీ వలీలు చనిపోయారని దక్కన్‌లోని భక్తులు అనరు, పరదా చేశారంటారు, అంటే తెర వేసుకున్నారని. అటువంటి వలీ చేసిన మేలు గురించి భక్తుడు ఇంగ్లీషులో చెబితే ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాడతాడు, చరిత్రకారుడు సింపుల్ పాస్ట్ వాడతాడు, ఇద్దరి వ్యాకరణమూ నిర్దుష్టమే. వికారాబాద్ చెంతన మూసీ పుట్టే అనంతగిరి కొండల మీద, మార్కండేయుని తపస్సుకు మెచ్చి అనంతపద్మనాభస్వామి వెలిశాడని స్థలపురాణం చెబుతుంది. వెలిశాడన్నది భూతకాల రూపమే అయినా దానిని విన్న తెలుగువాడెవడూ మరి ఇప్పుడెక్కడున్నాడని అడగడు. ఆ వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చే యాత్రా కరపత్రం మాత్రం రెండింటిలో ఒకటి ఎన్నుకోక తప్పదు. సింపుల్ పాస్ట్ ఎన్నుకుంటే స్వామి చరిత్రలో ఒక ఘట్టంగా మిగులుతాడు. శ్రీవైష్ణవ ఆచార్యుడు పిళ్లై లోకాచార్యులు శ్రీవచనభూషణంలో భగవంతుని రూపభేదాలను నీటితో పోల్చినప్పుడు రామకృష్ణాది అవతారాలను ఉప్పొంగి పారి వెళ్లిపోయే నదితోను, ఆలయంలోని అర్చామూర్తిని ఆ నది మడుగులలో నిలిచిపోయిన నీటితోను పోల్చాడు. వరద కాలంలో లేనివాడికి వరద అక్కరకు రాదు, మడుగు అక్కరకు వస్తుంది. సింపుల్ పాస్ట్‌కూ ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కూ ఉన్న సంబంధాన్ని ఇంతకంటే బాగా చెప్పిన వ్యాకరణగ్రంథం దొరకడం కష్టం.

క్రైస్తవంలో ఈ ఎంపిక అనువాదకుల బల్ల మీదికే వచ్చింది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పదిహేనో అధ్యాయం ఆరంభంలో పౌలు తనకు అందిన విశ్వాససారాన్ని నాలుగు క్రియలలో చెబుతాడు: క్రీస్తు మరణించడం, సమాధి కావడం, మూడో దినాన లేపబడడం, శిష్యులకు కనబడడం. గ్రీకు మూలంలో వీటిలో మూడు క్రియలు అయోరిస్ట్ రూపంలో, అంటే జరిగి ముగిసినదాన్ని చెప్పే సాధారణ భూతకాలంలో ఉన్నాయి. లేపబడడం ఒక్కటి పర్ఫెక్ట్‌లో ఉన్నది. చావు ముగిసింది, సమాధి ముగిసింది, లేవడం మాత్రం ముగియలేదన్న విశ్వాసం ఆ రూపభేదంలో ఉన్నది. ఇంగ్లీషులో దీనిని యథాతథంగా నిలపడం సాధ్యమే గాని, మూడో దినం అనే నిర్దిష్టకాలం అడ్డం వస్తుంది. 1611 నాటి అధికారిక అనువాదం సింపుల్ పాస్ట్ ఎన్నుకుని భాషను కాపాడింది. 1881లో వెలువడిన సవరణ అనువాదం ప్రెజెంట్ పర్ఫెక్ట్ ఎన్నుకుని అర్థాన్ని కాపాడింది, దాని పక్కనే మూడో దినాన్నీ ఉంచింది. నిన్న తాండూరు వెళ్లానని చెప్పడానికి ఐ హ్యావ్ గాన్ టు తాండూర్ ఎస్టర్‌డే అని రాసి ఎర్రసిరా గీత తెచ్చుకునే విద్యార్థి చేసినదీ ఇదే పని. ఒకరిది భాషాజ్ఞానం చాలక జరిగింది, మరొకరిది భాషాజ్ఞానం నిండుగా ఉండి జరిగింది. తరువాతి అనువాదాలు ఎక్కువగా సింపుల్ పాస్ట్‌కే మళ్లాయి.

ఇంతమాత్రం చేత ఇంగ్లీషు వ్యాకరణంలో తత్త్వశాస్త్రమంతా దాగి ఉందనుకోవడం తొందరపాటు. ఇప్పుడే, అప్పుడే వంటి మాటల పక్కన బ్రిటిష్‌వారు ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాడేచోట అమెరికన్లు తరచు సింపుల్ పాస్ట్‌తో సరిపెట్టుకుంటారు, అందుచేత అమెరికన్లకు కర్మఫలం మీద నమ్మకం తక్కువని ఎవరూ అనరు. ఫ్రెంచి మాటల భాషలో హ్యావ్‌కు సాటి అయిన క్రియతో ఏర్పడిన రూపమే క్రమంగా సాధారణ భూతకాలమైపోయింది. సంస్కృతంలో గతః వంటి కృదంతాలు ముగిసిన పని విడిచిన స్థితిని చెప్పేవి. అవే ప్రాకృతాలలో క్రియకు బదులుగా నిలిచి, హిందీ ఉర్దూలలో మామూలు భూతకాలానికి మూలమైనాయి, ఆ తరువాత వాటికి మళ్లీ హై తగిలించి కొత్త పర్ఫెక్ట్‌ను కట్టుకోవలసి వచ్చింది. తెరిచి ఉంచిన గతాన్ని భాషలు పదేపదే మూసివేస్తాయి, మూసి మళ్లీ తెరుస్తాయి. వ్యాకరణం తత్త్వాన్ని నిరూపించలేదు. వక్త ఏ గతాన్ని ముగిసినదిగా లెక్కిస్తున్నాడో బయటపెట్టేలా అతడిని నిర్బంధించగలదు, అంతే.

ఆ నిర్బంధం అన్నిటికంటే స్పష్టంగా కనబడేది పాపాన్ని ఒప్పుకునే ప్రార్థనలో. ఇంగ్లండు సంఘపు 1662 నాటి ప్రార్థనగ్రంథంలోని సాధారణ పాపనివేదనలో, చేసిన తప్పులను గాని చేయక విడిచిన పనులను గాని చెప్పే క్రియలన్నీ ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లోనే ఉంటాయి. జాన్ వెస్లీ ఆ గ్రంథాన్ని కుదించి 1784లో అమెరికాలోని మెథడిస్టులకు పంపాడు. వికారాబాద్ ప్రాంతానికి వచ్చిన మిషన్ ఆ అమెరికన్ మెథడిస్టులదే, ధారూరు దగ్గర ఏటా జరిగే క్రైస్తవ జాతర ఆ వారసత్వంలోనిదే. పాపనివేదన సింపుల్ పాస్ట్‌లో ఉంటే అది ప్రార్థన కాదు, జీవితచరిత్ర అవుతుంది. తప్పు జరిగిన రోజు ఎప్పుడో పోయినా తప్పు ఇంకా నిలిచే ఉన్నది కాబట్టే క్షమాపణ అవసరమైంది. క్షమాపణ దొరికిన తరువాత జరిగినది జరగనిది కాదు, అది ప్రెజెంట్ పర్ఫెక్ట్ నుంచి సింపుల్ పాస్ట్‌లోకి మారుతుంది.

అయితే ఆ మార్పు చేసే అధికారం ఎవరిదన్న ప్రశ్న మిగులుతుంది. కాశ్యపీయుల లెక్కలో అది పూర్తిగా పక్వమైన కర్మది, క్రైస్తవంలో దేవునిది, ధర్మశాస్త్రాలలో విధించిన ప్రాయశ్చిత్తానిది. చేసినవాడికి ఆ అధికారాన్ని ఎవరూ ఇవ్వలేదు. ఇంగ్లీషు మాత్రం దానిని మాట్లాడేవాడి చేతికే ఇచ్చేసింది, అందుచేత గాయం చేసినవాడు సింపుల్ పాస్ట్‌లోనూ గాయపడినవాడు ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లోనూ ఒకే సంఘటనను చెప్పడం, ఇద్దరి వాక్యాలూ వ్యాకరణరీత్యా ఒప్పే కావడం జరుగుతుంది. హైదరాబాద్ సంస్థానం లొంగిపోయిన 1948 సెప్టెంబరు 17ను విమోచనమనాలా, విలీనమనాలా, సమైక్యత అనాలా అని తెలంగాణలో ఏటా సాగే వాదంలో కూడా తారీఖు మీద తగవు లేదు. ఆ రోజు ముగిసిందా లేదా అన్న దాని మీదనే తగవు.

అద్వైతంలో గతాన్ని ముగించే ఈ అధికారం జ్ఞానానిది, అక్కడ కూడా ఒక మినహాయింపు ఉన్నది. కూడబెట్టుకున్న సంచితకర్మ జ్ఞానంతో నశిస్తుంది గాని, ఈ శరీరాన్ని ఇచ్చి ఫలించడం మొదలుపెట్టిన ప్రారబ్ధం అనుభవంతోనే తీరుతుందని బ్రహ్మసూత్రాల నాలుగో అధ్యాయం మొదటి పాదంలో శంకరుల వ్యాఖ్యానం. కర్మనంతటినీ దహించగల జ్ఞానం ప్రారబ్ధాన్ని ఎందుకు విడిచిపెట్టాలన్న ఆక్షేపణకు శంకరులు చెప్పిన సమాధానాలలో ఒకటి, ఆ జ్ఞానం పుట్టడానికి ఆశ్రయమైనదే ప్రారబ్ధమని, ఊపందుకున్న కుమ్మరిసారె వేగం తగ్గేవరకు తిరగక మానదని. తరువాతి అద్వైతులు దీనితో తృప్తిపడక అవిద్యాలేశమని, అంటే అజ్ఞానపు చివరి తునక మిగిలి ఉంటుందని, ఇంకా ఏవేవో చెప్పారు. శంకరులు మాత్రం అక్కడ దీనిపై వాదులాడవలసిన పని లేదంటారు: బ్రహ్మను ఎరిగిన అనుభవమూ, శరీరం ఇంకా నిలిచి ఉన్న అనుభవమూ రెండూ ఒక మనిషికి తన హృదయంలో తోస్తున్నప్పుడు, వాటిని మరొకడు ఎలా కాదనగలడని ఆయన ప్రశ్న.